ల్యాగ్ ఎవరిది?

మన కాలేజీలో రోజుకు ఎక్కువసార్లు వినిపించే మాట ఏదని ఎవరైనా అడిగితే నేను తడుముకోకుండా "ల్యాగ్" అని చెప్తాను. వైఫై ల్యాగ్. ఫోన్ ల్యాగ్. రిజల్ట్స్ రోజు పోర్టల్ ల్యాగ్. మెస్‌లో ఇడ్లీ క్యూ కూడా ల్యాగే. సోమవారం మొదటి పీరియడ్‌లో మనందరి బుర్రలూ ల్యాగే. ఇన్ని రకాల బాధల్ని తీసుకెళ్లి ఒక్క మాటలో కుక్కేశాం. తెలుగులో చెప్పుకుంటే ఇవన్నీ వేరువేరు. మందంగా నడవడం ఒకటి, ఆగి ఆగి నడవడం ఒకటి, పిలిస్తే ఆలస్యంగా పలకడం ఒకటి, బాగానే నడుస్తూ ఉన్నట్టుండి కుదుపు ఇవ్వడం ఇంకొకటి. పల్లెవెలుగు బస్సులో ఇంటికి వెళ్లే వాళ్లకి ఈ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు. బస్సు నెమ్మదిగా పోవడం వేరు, స్పీడ్ బ్రేకర్ దగ్గర తల వెళ్లి పై రాడ్డుకి తగలడం వేరు. రెండింటికీ ఒకే మందు పనిచేయదు.

లిటరరీ క్లబ్ పత్రికలో ఈ గేముల గోల ఏంటని కొందరు అనుకోవచ్చు. నిజమే, ఇందులో లినక్స్ ఉంది, ఫ్రేములు ఉన్నాయి, కొంచెం లెక్క కూడా ఉంది. కానీ నేను రాయాలనుకున్నది ఒక మాట గురించి. సరిగ్గా కొలవకుండా వాడిన ఒక మాట మా టీమ్‌లో ఒకడి చేతిలోంచి వాడి పనిని దాదాపు లాగేసుకుంది. దాన్ని మేం ఎలా ఆపామో చెప్పాలంటే ఈ సంగతులన్నీ చెప్పక తప్పదు.

మూడో సంవత్సరం మినీ ప్రాజెక్టుకి మేం నలుగురం ఒక టీమ్. హాజరు పట్టే యాప్, లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ లాంటివి ప్రతి బ్యాచ్ చేస్తూనే ఉంది కాబట్టి మేం ఆట చేద్దామనుకున్నాం. ఏడు పెంకులాట. చిన్నప్పుడు వీధిలో ఆడినదే. పెంకులు ఒకదాని మీద ఒకటి పేర్చి, బంతితో కొట్టి పడగొట్టి, అవతలి జట్టు బంతితో మనల్ని కొట్టేలోపు మళ్లీ పేర్చాలి. దాన్నే త్రీడీలో, గోడో అనే గేమ్ ఇంజిన్‌లో చేశాం. గోడో 2014 నుంచి ఓపెన్ సోర్స్. లైసెన్స్ ఖర్చు లేదు, లినక్స్ మీద హాయిగా నడుస్తుంది. మా నలుగురిలో ఎవరి దగ్గరా గేమింగ్ ల్యాప్‌టాప్ లేదు. నాది ఎనిమిదో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. అందులో ఉబుంటు వేసుకున్నాను.

పనులు పంచుకున్నాం. మెనూలు, స్కోరు నావి. బొమ్మలు ఒకరివి. బంతి తగిలినప్పుడు లేచే దుమ్ము, వెలుతురు, ఎండ నీడలు మా టీమ్‌లోని అమ్మాయివి. పెంకులు ఎలా పడాలి, బంతి ఎలా ఎగరాలి అన్న ఫిజిక్స్ మొత్తం నా రూమ్మేట్‌ది. వాడిది పలాస దగ్గర పల్లెటూరు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. వాడికి లెక్క చేతిలో ఉంటుంది, ఇంగ్లీషు మాత్రం గొంతులో ఆగిపోతుంది. వైవాలో జవాబు తెలిసి కూడా నేల చూపులు చూస్తాడు. మీ క్లాసులోనూ అలాంటివాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటారు, ఒకసారి గుర్తు చేసుకోండి.

మొదటి రివ్యూ ల్యాబ్‌లో జరిగింది. పెన్‌డ్రైవ్‌లోంచి ఆటని ల్యాబ్ సిస్టమ్‌లోకి కాపీ చేసి మొదలుపెట్టాం. బంతి విసిరాం. పెంకులకి తగిలిన క్షణంలో తెర బిగుసుకుపోయింది. కన్ను మూసి తెరిచేంత సేపే. తర్వాత పెంకులు ఒక చోటి నుంచి మాయమై ఇంకో చోట ప్రత్యక్షమైనట్టు కనిపించాయి. దుమ్ము మాత్రం అద్భుతంగా లేచింది. సార్ దుమ్ముని మెచ్చుకుని, "పెంకులు పడేటప్పుడు ల్యాగ్ ఉంది. ఫిజిక్స్ ఎవరు రాశారు?" అన్నారు. మా వాడు చెయ్యెత్తాడు. ఎందుకు వస్తోందని అడిగితే ఏమీ మాట్లాడలేదు. "ఆప్టిమైజ్ చేసుకోండి" అని రాసుకుని పక్క టీమ్ దగ్గరికి వెళ్లిపోయారు. రెండో రివ్యూకి ఎనిమిది రోజుల టైముంది.

ఆ సాయంత్రం క్యాంటీన్‌లో మాట వచ్చింది. "మామా, ఫిజిక్స్ ఇంకెవరైనా చూస్తే బెటరేమో. వాణ్ణి డాక్యుమెంటేషన్‌లో వేద్దాం" అని. అన్నవాడికి చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు, మార్కుల భయం అంతే. కానీ డాక్యుమెంటేషన్‌లో వేయడం అంటే ఏమిటో మనందరికీ తెలుసు. నాలుగు నెలలు కోడ్ రాసినవాడు చివరికి స్పైరల్ బైండింగ్ కోసం జిరాక్స్ షాపు ముందు నిలబడతాడు. రేపు ఇంటర్వ్యూలో "ప్రాజెక్టులో నీ పాత్ర ఏంటి?" అని అడిగితే చెప్పుకోవడానికి ఒక్క వాక్యం మిగలదు. మా వాడు ఇదంతా విని "సర్లే, మీ ఇష్టం" అన్నాడు. ఆ రెండు మాటలు నాకు నచ్చలేదు. తప్పు ఫిజిక్స్‌దో కాదో నాకు తెలీదు. అక్కడున్న ఎవరికీ తెలీదు. తెలీనప్పుడు కొలవాలి కదా. "రెండు రోజులు ఆగండి, కొలిచి చెప్తాం" అన్నాను.

లినక్స్ మీద కొలవడం విషయంలో నాకు ముందు నుంచీ ఒక ఇష్టం ఉంది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ హెల్సింకిలో చదువుకుంటూ మొదలుపెట్టిన ఈ కెర్నల్‌లో యంత్రం తన ఒంటి సంగతుల్ని దాచుకోదు. ప్రాక్, సిస్ అని రెండు డైరెక్టరీలు ఉంటాయి. వాటిలో కనిపించేవి డిస్క్ మీద ఉన్న ఫైళ్లు కావు. మనం తెరిచినప్పుడు కెర్నల్ అప్పటికప్పుడు చెప్పే జవాబులు. మెమరీ ఎంత ఖాళీగా ఉంది, ప్రాసెసర్ ఎంత బిజీగా ఉంది, ఎంత వేడెక్కింది, అన్నీ మామూలు అక్షరాల్లో చదువుకోవచ్చు. థర్మల్ జోన్ ఫైలు తెరిస్తే 68000 అని ఉంటుంది. వెయ్యితో భాగిస్తే 68 డిగ్రీలు. జ్వరం చూడటానికి డాక్టరు దగ్గరికి వెళ్లక్కర్లేదు, నుదుటి మీద చెయ్యి వేస్తే చాలన్నమాట.

ఆటలకైతే ఇంకా మంచి పనిముట్టు ఉంది, పేరు మ్యాంగోహడ్. మన నూజివీడు రసాలతో దీనికి చుట్టరికం ఏమీ లేదు. హడ్ అంటే యుద్ధవిమానాల్లో పైలట్ తల దించకుండానే కళ్ల ముందు అంకెలు కనిపించే ఏర్పాటు. అలాగే ఇది ఆట తెర మీద ఒక మూలన చిన్న పలక పెట్టి సెకనుకు ఎన్ని ఫ్రేములు, ఒక్కో ఫ్రేముకి ఎంత సమయం, ప్రాసెసర్ ఎంత వేడి, ర్యామ్ ఎంత అన్నీ చూపిస్తుంది. టెర్మినల్‌లో ఆటని నడిపే కమాండ్ ముందు మ్యాంగోహడ్ అని ఒక్క మాట చేరిస్తే చాలు. కుడి షిఫ్ట్, ఎఫ్12 కలిపి నొక్కితే పలక మాయమవుతుంది, మళ్లీ నొక్కితే వస్తుంది. ఎడమ షిఫ్ట్, ఎఫ్2 నొక్కితే ప్రతి కొలతనీ సీఎస్‌వీ ఫైల్లోకి రాసి పెడుతుంది. 2022లో వచ్చిన స్టీమ్ డెక్ అనే చేతి గేమింగ్ యంత్రం లినక్స్ మీదే నడుస్తుంది. అందులో పర్ఫార్మెన్స్ అంకెలు చూపించేది కూడా ఇదే మ్యాంగోహడ్. అలాంటి పనిముట్టు మన హాస్టల్ గదిలోని పాత ల్యాప్‌టాప్‌కి కూడా పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పాలి. అందరూ చూసేది ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకు ఎన్ని ఫ్రేములు అన్నది. 60 ఉంటే చాలంటారు. 60 రావాలంటే ఒక్కో ఫ్రేము 16.67 మిల్లీసెకన్లలో తయారవ్వాలి. మా ఆటలో మామూలుగా ఒక్కో ఫ్రేముకి 14 మిల్లీసెకన్లు పడుతోంది. ఇప్పుడు ఒక సెకనులో 59 ఫ్రేములు 14 మిల్లీసెకన్ల చొప్పున వచ్చాయనుకోండి. మొత్తం 826. మిగిలిన ఒకే ఒక్క ఫ్రేముకి 174 మిల్లీసెకన్లు పట్టిందనుకోండి. కలిపితే సరిగ్గా 1000. అంటే ఆ సెకనులో 60 ఫ్రేములు వచ్చినట్టే, ఎఫ్‌పీఎస్ 60. అంకె బ్రహ్మాండం. కానీ ఆ ఒక్క ఫ్రేము దగ్గర ఆడేవాడి గుండె గుభేల్మంటుంది. మన అటెండెన్స్ లాంటిదే ఇది. సెమిస్టర్ మొత్తం 75 శాతం ఉంది, కానీ రాని రోజు ల్యాబ్ ఎక్స్‌టర్నల్ అయితే ఆ 75 ఏం కాపాడుతుంది?

అందుకే కుదుపుల్ని పట్టుకోవాలంటే ఎఫ్‌పీఎస్ చూడకూడదు, ఫ్రేమ్ టైమ్ గ్రాఫ్ చూడాలి. అది ఈసీజీ లాంటి గీత. సాఫీగా ఉంటే ఆట సాఫీగా ఉన్నట్టు. మధ్యలో కొండలా లేస్తే అక్కడే కుదుపు.

ఆ రాత్రి నేనూ మా వాడూ కూర్చుని నా ల్యాప్‌టాప్‌లో ఆటని నడిపాం. గీత నిటారుగా పోయింది. పది సార్లు విసిరాం, ఇరవై సార్లు విసిరాం. కొండ కాదు కదా, గుట్ట కూడా లేవలేదు. రూమ్‌లో రాని కుదుపు ల్యాబ్‌లో ఎందుకొచ్చింది? ల్యాబ్ సిస్టమ్ మా ల్యాప్‌టాప్ కన్నా కొత్తది కూడా. మా వాడు మాత్రం "ఎక్కడో నా కోడ్‌లోనే ఉంటాది లే" అంటూ తన స్క్రిప్ట్ మళ్లీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాడు. అందరూ కలిసి ఒకణ్ణి అనుమానిస్తే, కాసేపటికి వాడు కూడా తనని తాను అనుమానించడం మొదలుపెడతాడు. అది చూడటం కష్టంగా అనిపించింది.

పక్క గదిలో ఫైనల్ ఇయర్ అన్న ఒకాయన ఉన్నారు. ఆయన్ని అడిగితే గ్రాఫ్ చూసి ఒకటే ప్రశ్న వేశారు. "తమ్ముడూ, క్యాష్ ఖాళీగా ఉన్నప్పుడు చూశారా?" విషయం ఏంటంటే, తెర మీద దుమ్ము గానీ, మెరుపు గానీ, నీడ గానీ గీయాలంటే దానికి షేడర్ అనే చిన్న ప్రోగ్రామ్ కావాలి. మనం రాసిన షేడర్‌ని మన గ్రాఫిక్స్ చిప్‌కి అర్థమయ్యే భాషలోకి డ్రైవర్ మార్చాలి. అది మొదటిసారి అవసరమైన క్షణంలోనే చేస్తే, ఆ పని అయ్యేదాకా ఫ్రేము ఆగిపోతుంది. ఒకసారి తయారైన ఫలితాన్ని డ్రైవర్ డిస్క్‌లో దాచుకుంటుంది. రెండోసారి నుంచి దాచుకున్నదే వాడుతుంది. మన ల్యాప్‌టాప్‌లలో వందలసార్లు నడిపి ఉంటాం కాబట్టి అంతా దాచిపెట్టి ఉంటుంది. పెన్‌డ్రైవ్‌తో కొత్త సిస్టమ్‌కి వెళ్తే ఏమీ ఉండదు. అంటే రివ్యూ ఎప్పుడూ మొదటి సారే.

కొత్త యూజర్ అకౌంట్ ఒకటి తెరిచాం. దాని హోమ్ ఫోల్డర్‌లో ఏ పాత సామానూ ఉండదు. ఆటని అక్కడి నుంచి నడిపి బంతి విసిరాం. గీత ఒక్కసారిగా లేచింది. 174 మిల్లీసెకన్లు. రెండో విసురుకి ఏమీ లేదు. మూడోదానికీ లేదు. ఆట మూసి మళ్లీ తెరిస్తే మొదటి విసురుకి కూడా లేదు.

ఇది చూశాక మా వాడే ముందు అన్నాడు: "నా కోడ్ వల్ల అయితే ప్రతిసారీ రావాలి కదా. పెంకులు ప్రతిసారీ అవే ఏడు, బంతి అదే." అవును. తగలడం, పడటం, దొర్లడం లాంటి లెక్కలు ప్రతి విసురుకీ మళ్లీ చేయాల్సిందే. వాటిని దాచుకుని వాడుకోవడం ఉండదు. ఒక్కసారే వచ్చే కుదుపుకి ఒక్కసారే జరిగే పని కారణం కావాలి. మరి పెంకులు ఒక చోట మాయమై ఇంకో చోట తేలడం ఏంటి? గోడోలో ఫిజిక్స్ మామూలుగా సెకనుకు 60 అడుగులు వేస్తుంది. మధ్యలో ఒక ఫ్రేము ఎక్కువసేపు ఆగిపోతే, వెనకబడిన అడుగుల్ని తర్వాత గబగబా ఒకేసారి వేసేస్తుంది. చూసేవాడికి పెంకులు ఎగిరి దూకినట్టు అనిపిస్తుంది. దెబ్బ తగిలింది ఒకచోట, నొప్పి కనిపించింది ఇంకోచోట. అందుకే ల్యాబ్‌లో ఉన్న ప్రతి ఒక్కరి కళ్లూ ఫిజిక్స్ మీదికి వెళ్లాయి.

అనుమానం తీరిందని అక్కడే ఆగలేదు. నాలుగు రకాలుగా నడిపాం. దుమ్ము, పెంకులు రెండూ ఉంచి ఒకటి. దుమ్ము తీసేసి ఒకటి. దుమ్ము ఉంచి, పెంకులు కదలకుండా బిగించి ఒకటి. రెండూ లేకుండా ఒకటి. ఒక్కోటి మూడుసార్లు, ప్రతిసారీ క్యాష్ ఫోల్డర్లు ఖాళీ చేసి, ఛార్జర్ పెట్టి, పవర్ మోడ్ మార్చకుండా. ఛార్జర్ తీస్తే ప్రాసెసర్ వేగం తగ్గొచ్చు, అప్పుడు ఒక కొలతని ఇంకో కొలతతో పోల్చలేం. పన్నెండు సార్లకి పన్నెండు సీఎస్‌వీ ఫైళ్లు. దుమ్ము ఉన్న ఆరుసార్లూ కొండ లేచింది. దుమ్ము లేని ఆరుసార్లూ లేవలేదు. పెంకులు మాత్రమే ఉన్నప్పుడు అన్నిటికన్నా పెద్ద ఫ్రేము 19 మిల్లీసెకన్లు. మా వాడు ఈ అంకెలన్నీ లాంగ్ నోట్‌బుక్‌లో గళ్లు గీసి తెలుగులో రాసుకున్నాడు. "దుమ్ము ఉంది, పెంకులు లేవు, 171" అని.

అంకెలు మాకు చాలు. మిగతా ఇద్దరికీ, సార్‌కీ చాలవు. సీఎస్‌వీ ఫైలు తెరిచి "ఈ వరస చూడండి" అంటే ఎవరు చూస్తారు? బంతి తగలడం, దుమ్ము లేవడం, గీత ఎగరడం మూడూ ఒకే తెర మీద ఒకేసారి కనపడాలి. అంటే ఆటని రికార్డ్ చేయాలి.

రికార్డింగ్‌కి ఓబీఎస్ స్టూడియో ఉంది. ఇది కూడా ఓపెన్ సోర్సే, 2012 నుంచి ఉంది. ఇప్పటి ఉబుంటులో తెర నడిపేది వేలాండ్. పాత ఎక్స్ పద్ధతిలో ఏ ప్రోగ్రామ్ అయినా మిగతా ప్రోగ్రాముల తెరని తొంగి చూడొచ్చు. వేలాండ్ ఆ వీలు ఇవ్వదు. మన అనుమతి తీసుకుని, పైప్‌వైర్ అనే దారిలోంచి మాత్రమే బొమ్మ బయటికి వస్తుంది. కాబట్టి ఓబీఎస్‌లో పైప్‌వైర్ అని ఉన్న స్క్రీన్ క్యాప్చర్ ఎంచుకోవాలి, లేకపోతే నల్లటి తెర రికార్డ్ అవుతుంది. మ్యాంగోహడ్ పలక ఆట ఫ్రేములోనే గీసి ఉంటుంది కాబట్టి అది కూడా వీడియోలోకి వచ్చేస్తుంది. ఇంకొకటి, ఫైలుని ఎమ్‌కేవీగా దాచుకోవడం మేలు. మామూలు ఎమ్‌పీ4లో ఏది ఎక్కడుందో చెప్పే సూచిక చివర్లో రాస్తారు. మధ్యలో కరెంటు పోతే ఫైలు తెరుచుకోదు. ఎమ్‌కేవీలో అయితే అప్పటిదాకా రికార్డయినంతా మిగులుతుంది. హాస్టల్ కరెంటు గురించి మీకు నేను చెప్పక్కర్లేదు.

కానీ అసలు చిక్కు వేరే ఉంది. రికార్డ్ చేయడం కూడా ఒక పనే, అది కూడా అదే యంత్రం మీద పడుతుంది. 1920 బై 1080 తెరలో 20,73,600 చుక్కలు. ఒక్కో చుక్కకి 3 బైట్లు, సెకనుకు 60 ఫ్రేములు. గుణిస్తే సెకనుకు సుమారు 373 మెగాబైట్లు. నిమిషానికి 22 గిగాబైట్లు దాటుతుంది. దాన్ని సెకనుకు 6 మెగాబిట్ల వీడియోగా కుదిస్తే నిమిషానికి 45 మెగాబైట్లు అవుతుంది, అంటే దాదాపు 500వ వంతు. ఈ కుదించే పనంతా ప్రాసెసర్ నెత్తిన పెడితే మా ఆటలో మామూలు ఫ్రేములే 14 నుంచి 20 దాటాయి. ఫ్యాను రైస్ మిల్లులా మోగింది. ఎక్స్‌టర్నల్ పక్కన నిలబడి చూస్తుంటే బ్యూరెట్ పట్టుకున్న చెయ్యి వణకడం లాంటిదే ఇది. చూడటం వల్లే చూస్తున్నది మారిపోతోంది. అలాంటి వీడియో చూపిస్తే "మీ రికార్డింగ్ వల్లే కుదుపు వచ్చింది" అని ఎవరైనా అనొచ్చు, అంటే మా దగ్గర జవాబు ఉండదు.

రెండు పనులు చేశాం. ఓబీఎస్‌లో కుదించే పనిని గ్రాఫిక్స్ చిప్‌లో దానికోసమే ఉండే భాగానికి అప్పగించాం. లినక్స్‌లో దాని దారి పేరు వీఏ ఏపీఐ. ఫ్రేములు మళ్లీ 15 దగ్గరికి దిగాయి. రెండోది ఇంకా సులువు. ల్యాప్‌టాప్ మీద ఏ బరువూ పెట్టకుండా, పక్కన పుస్తకాల దొంతర మీద ఫోన్ నిలబెట్టి తెరని స్లో మోషన్‌లో తీశాం. ఫోన్‌కీ ల్యాప్‌టాప్‌కీ మధ్య వైరు లేదు, సంబంధం లేదు. అది బయటి సాక్షి. రెండు వీడియోల్లోనూ కుదుపు ఒకే చోట వచ్చింది, మొదటి దుమ్ము రేణువు కనిపించే ఫ్రేము దగ్గర.

మర్నాడు నలుగురం కూర్చున్నాం. నేను వీడియో పెట్టాను, మాట్లాడటం మాత్రం మా వాడికే వదిలేశాను. మొదట్లో "యాక్చువల్లీ... ద ఫ్రేమ్..." అని ఆగిపోయాడు. "తెలుగులో చెప్పరా" అన్నాం. అంతే, చెప్పేశాడు. ఒకసారి వచ్చేది, ప్రతిసారీ వచ్చేది అని రెండు ముక్కలు చేసి, పన్నెండు అంకెలూ చూపించి, ఎవరినీ వేలెత్తి చూపకుండా చెప్పాడు. దుమ్ము చేసిన అమ్మాయి ముఖం ఒక్క క్షణం చిన్నబోయింది. వాడు అది గమనించాడు. "నీ దుమ్ములో తప్పేం లేదు. ఎవరు ఏ ఎఫెక్ట్ పెట్టినా మొదటిసారి ఇంతే. ముందే ఒకసారి వాడేస్తే సరిపోద్ది" అన్నాడు. రెండు రోజుల కింద తనకి దక్కని మాట అది. తనని అడిగినట్టు ఇంకొకరిని అడగకుండా చూసుకున్నాడు.

మందు కూడా ఆ అమ్మాయే వేసింది. లోడింగ్ బొమ్మ కనిపిస్తున్నప్పుడు దాని వెనక దుమ్ముని ఒక్కసారి లేపేస్తుంది. షేడర్ తయారయ్యే పని అక్కడే అయిపోతుంది. లోడింగ్ తెర 174 మిల్లీసెకన్లు ఎక్కువసేపు ఉంటే ఎవరికి తెలుస్తుంది? క్యాష్ ఖాళీ చేసి మళ్లీ కొలిచాం. మొదటి విసురుకి పెద్ద ఫ్రేము 21. తోడుగా మా వాడు ఫిజిక్స్‌ని కూడా కొంచెం తేలిక చేశాడు. అవసరమై కాదు, మనసు ఒప్పక.

రెండో రివ్యూలో, కొత్త సిస్టమ్‌లో, మొదటి విసురుకే పెంకులు చక్కగా పడ్డాయి. సార్ "ఏం మార్చారు?" అన్నారు. మా వాడు చెప్పాడు, సగం తెలుగు, సగం ఇంగ్లీషు. సార్ మధ్యలో ఆపకుండా విన్నారు. "ఈ కొలతలు రిపోర్టులో పెట్టండి" అన్నారు. రిపోర్టులో ఫిజిక్స్ పక్కన వాడి పేరే ఉంది. పర్ఫార్మెన్స్ టెస్టింగ్ అని కొత్త చాప్టర్ ఒకటి చేరింది, దాని పక్కన కూడా వాడి పేరే. జిరాక్స్ షాపుకి నలుగురం కలిసి వెళ్లాం.

దీన్నంతా రాయడానికి కారణం ఆ ప్రాజెక్టుకి వచ్చిన మార్కులు కాదు. మన టీముల్లో "ల్యాగ్ ఉంది" అన్న మాట వెంటనే "ఎవరు రాశారు?" అన్న ప్రశ్నగా మారిపోతోంది. ఆ ప్రశ్నకి జవాబుగా ఎప్పుడూ గట్టిగా మాట్లాడలేనివాడి పేరే వస్తోంది. "ఎవరు?" అనే ముందు "ఎప్పుడు? ఎన్నిసార్లు? ఎంతసేపు?" అని అడిగితే చాలు, సగం గొడవలు అక్కడే ఆగిపోతాయి. ఆ మూడు ప్రశ్నలకీ జవాబు చెప్పే పనిముట్లు ఉచితంగా, కోడ్‌తో సహా మన ముందున్నాయి. కావాలంటే ఆ పనిముట్టు ఎలా కొలుస్తోందో కూడా తెరిచి చూసుకోవచ్చు. గొంతు లేనివాడికి గ్రాఫ్ ఒక గొంతు అవుతుందని నేను ఈ ఎనిమిది రోజుల్లోనే చూశాను.

జూనియర్స్‌కి ఒక మాట. వచ్చే సెమిస్టర్‌లో గేమ్ ప్రాజెక్టు తీసుకునేవాళ్లు మొదటి వారంలోనే కొలతలు మొదలుపెట్టండి, రివ్యూ ముందు రోజు కాదు. కొత్త యూజర్ అకౌంట్‌లో ఒకసారి నడిపి చూడండి. రికార్డింగ్ ఆన్ చేసి ఒకసారి, ఆఫ్ చేసి ఒకసారి కొలవండి. మా పన్నెండు ఫైళ్లూ, రెండు వీడియోలూ, గళ్ల నోట్‌బుక్ ఫొటోలూ ఉన్నాయి, అడిగితే ఇస్తాం. ఏదైనా అర్థం కాకపోతే మా రూమ్మేట్‌ని అడగండి. తెలుగులో అడగండి, ఇంకా బాగా చెప్తాడు.